నాన్నకి పేగు ఆపరేషన్ అయి మూడో రోజు, ఇంకా గ్యాస్ పోలేదు

నరసన్నపేట_పెద్దోడు
సోమవారం, ఉదయం 10:20

అందరికీ నమస్కారం. నాన్నకి 63 ఏళ్లు. పెద్దపేగు కుడిపక్క గడ్డ ఉందని తేలితే శుక్రవారం విశాఖలో ఆపరేషన్ చేశారు. పొట్ట కోసి, గడ్డ ఉన్న ముక్క తీసేసి, చిన్నపేగు చివరని మిగిలిన పెద్దపేగుకి అతికారు. ఆపరేషన్ బాగా అయిందన్నారు, రక్తం కూడా ఎక్కించలేదు.

ఇప్పుడు సమస్య ఒక్కటే. ఇంకా గ్యాస్ పోలేదు. పొట్ట మద్దెలలా బిగుసుకుని ఉంది. పెద్ద డాక్టరు గారు, డ్యూటీ డాక్టర్, సిస్టర్లు, ఆఖరికి నేల తుడిచే ఆవిడ కూడా వచ్చి "గ్యాస్ పోయిందా బాబూ?" అని అడుగుతున్నారు. నాన్న తల అడ్డంగా ఊపి గోడవైపు తిరిగిపోతున్నారు. నరసన్నపేట నుంచి ఫోన్లు వేరే. మా అమ్మ అయితే "ఇంకా అవ్వలేదేటి బావూ" అంటూ గంటకోసారి అరసవల్లి వైపు తిరిగి దండం పెడుతోంది.

మూడు రోజులంటే ఎక్కువా? మేం చేయగలిగింది ఏమైనా ఉందా?

——

రాజాం_జూట్
సోమవారం, ఉదయం 10:48

ఆముదం. గోరువెచ్చని పాలలో రెండు చెంచాలు పట్టించండి. మా నాయనమ్మ కాలం నుంచి ఇదే మందు. పొట్ట మీద కూడా కాస్త రాయండి. సాయంత్రానికి ఫ్రీ అయిపోతుంది.

——

సిస్టరమ్మ_విజయనగరం
సోమవారం, ఉదయం 11:05

రాజాం బాబూ, ఆ మాట వెనక్కి తీసుకో. పేగు కోసి అతికి మూడు రోజులయింది. అతుకు ఇంకా పచ్చిగా ఉంటుంది. అటువంటప్పుడు ఆముదం పట్టించి పేగుని మెలిపెట్టిస్తావా? మలబద్ధకం వేరు, ఇది వేరు. మలబద్ధకంలో పేగు పనిచేస్తూనే ఉంటుంది, లోపల సరుకు గట్టిపడుతుంది. ఇక్కడ పేగే పని మానేసింది. పడుకున్న ఎద్దుని ముల్లుకర్రతో పొడిస్తే లేస్తుందేమో గానీ, కాలు విరిగిన ఎద్దుని పొడవకూడదు కదా.

నరసన్నపేట బాబూ, నేను సర్జికల్ వార్డులో 31 ఏళ్లు చేసి రిటైరయ్యాను. పెద్దపేగు ఆపరేషన్ తర్వాత మూడో రోజుకి గ్యాస్ పోకపోవడం నేను కొన్ని వందల సార్లు చూశాను. కంగారు పడకు. నాలుగు సంగతులు మాత్రం చెప్పు. వాంతి అయిందా, వికారం ఉందా? జ్వరం ఉందా, నాడి ఎంత కొడుతోంది? నొప్పికి ఏ మందు నడుస్తోంది? చేతులు కాళ్లు పొంగాయా? చివరి ప్రశ్న ఎందుకు అడిగానో తర్వాత చెప్తాను.

——

సాలూరు_లారీ
సోమవారం, ఉదయం 11:30

తమ్ముడూ, నాకు అల్సర్ పగిలి పొట్ట కోశారు. ఆరో రోజుకి పోయింది. ఆరో రోజు! అప్పటిదాకా మా వాళ్లు నన్ను మనిషిలా చూడలేదు, ఎప్పుడు మోగుతుందా అని సైలెన్సర్‌ని చూసినట్టు చూశారు. లారీ ఇంజన్ దించి ఎక్కిస్తే మొదటి సెల్ఫ్‌కే స్టార్ట్ అవదు. ఓపిక పట్టు.

——

నరసన్నపేట_పెద్దోడు
సోమవారం, మధ్యాహ్నం 12:15

సిస్టరమ్మా, వాంతి కాలేదు గానీ నిన్నటి నుంచి వికారం, ఎక్కిళ్లు ఉన్నాయి. జ్వరం లేదు. నాడి 92 అని చార్టులో ఉంది. నొప్పికి ఫెంటనిల్ పంపు పెట్టారు. నొప్పి వచ్చినప్పుడు బటన్ నొక్కుకోమన్నారు, నాన్న బాగానే నొక్కుతున్నారు.

చేతులు పొంగాయి. ఎలా తెలిసిందంటే, నిన్న నాన్న ఉంగరం వేలికి కోసుకుపోతోందని అమ్మ సబ్బు రాసి పావుగంట తిప్పి తిప్పి తీసింది. పెళ్లయినప్పటి నుంచి ఆ ఉంగరం తీయలేదట. వేలికి తెల్లటి గాడి పడింది.

——

మత్తుమందు_డాక్టర్
సోమవారం, మధ్యాహ్నం 2:40

సిస్టర్ గారు ఉంగరం సంగతి ఎందుకు రాబట్టారో నేను చెప్తాను. నేను విజయనగరం జిల్లాలో అనస్థీషియా డాక్టర్‌ని. పేషెంట్‌ని చూడకుండా వైద్యం చెప్పను. ఏం జరుగుతోందో అర్థమయ్యేలా మాత్రం చెప్పగలను.

పొట్ట తెరిచి పేగుల్ని చేత్తో పట్టుకుని పక్కకి జరిపితే వాటికి దెబ్బ తగిలినట్టే. పేగు గోడలో వాపు వస్తుంది. పైగా ఒంట్లో "ప్రమాదం, అన్నీ ఆపండి" అనే నరాల వ్యవస్థ మేలుకుని పేగుకి బ్రేకు వేస్తుంది. అందరికీ కొంతవరకు ఇది జరుగుతుంది. అన్నీ ఒకేసారి లేవవు. మామూలుగా చిన్నపేగు ఒక రోజు లోపే కదలడం మొదలుపెడుతుంది. కడుపుకి ఒకటి రెండు రోజులు పడుతుంది. పెద్దపేగు అందరికంటే బద్ధకస్తుడు, రెండు మూడు రోజులు తీసుకుంటుంది. కాబట్టి మూడో రోజు అనేది సరిహద్దు. నాలుగైదు రోజులు దాటి, వాంతులు, ఉబ్బరం కూడా ఉంటే అప్పుడు ఇలియస్ అని పేరు పెట్టి కారణం వెతుకుతారు.

మనం ఇచ్చేవే పేగుని ఇంకా పడుకోబెడతాయి. మొదటిది మార్ఫిన్, ఫెంటనిల్, ట్రమడాల్ లాంటి నొప్పి మందులు. మెదడులో నొప్పిని ఆపే తాళం రంధ్రాలే పేగు గోడలో కూడా ఉన్నాయి. ఆ మందు రెండు చోట్లా తాళం వేస్తుంది. అందుకే ఇప్పుడు చాలాచోట్ల పారాసెటమాల్ టైముకి ఇస్తూ, పొట్ట గోడకి తిమ్మిరి ఇంజక్షనో, వెన్నులో సన్న పైపు ద్వారా మందో ఇచ్చి, ఆ పంపు వాడకం తగ్గిస్తున్నారు. అలాగని నొప్పి భరించమని కాదు. నొప్పితో బిగుసుకుని పడుకున్నవాడు దగ్గడు, లేవడు.

రెండోది సెలైన్. ఒంట్లో నీళ్లు ఎక్కువైతే వేళ్లు పొంగినట్టే పేగు గోడ కూడా పొంగుతుంది. ఉబ్బిన పేగు సరిగా కదలదు. ఉంగరం బిగిసిందంటే లోపలి సంగతి ఊహించవచ్చు. మూడోది పొటాషియం. అది పడిపోతే పేగు కండరానికి బలం ఉండదు. ఈ రోజు రక్తపరీక్షలో పొటాషియం, మెగ్నీషియం ఎంత వచ్చాయని డ్యూటీ డాక్టర్‌ని మర్యాదగా అడగండి. అలా అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

——

ఆమదాలవలస_ప్యాసింజర్
సోమవారం, మధ్యాహ్నం 3:10

డాక్టర్ గారూ, బబుల్ గమ్ నమిలితే గ్యాస్ పోతుందని ఎక్కడో చదివాను. నిజమా, వాట్సాప్ వైద్యమా?

——

మత్తుమందు_డాక్టర్
సోమవారం, మధ్యాహ్నం 3:35

సగం నిజం. నమలడం మొదలవగానే అన్నం వస్తోందని మెదడు అనుకుంటుంది. వేగస్ నరం ద్వారా కడుపుకీ పేగుకీ కబురు వెళ్తుంది, రసాలు ఊరతాయి. 2002లో జపాన్ సర్జన్లు దీన్ని పెద్దపేగు ఆపరేషన్ పేషెంట్ల మీద పరీక్షించి ప్రచురించారు. తర్వాత చాలా దేశాల్లో చేశారు. కొన్ని గంటలు ముందు గ్యాస్ పోతుందని చాలా పరిశీలనల్లో వచ్చింది. కానీ ఆపరేషన్ అయిన మర్నాడే తిండి మొదలుపెట్టే చోట గమ్ వల్ల అదనంగా ఒరిగేది తక్కువ. నమలడానికి నిజమైన అన్నమే ఉంటే ఉత్తుత్తి అన్నం ఎందుకు?

కాఫీ కూడా అంతే. 2012లో జర్మనీలోని హైడెల్‌బెర్గ్‌లో పెద్దపేగు ఆపరేషన్ అయినవాళ్లలో కొందరికి రోజుకి మూడు సార్లు కాఫీ, కొందరికి వేడినీళ్లు ఇచ్చి చూశారు. మొదటి మోషన్ కాఫీవాళ్లకి సగటున 60 గంటలకి, నీళ్లవాళ్లకి 74 గంటలకి అయింది. అయితే ఇవన్నీ వాంతులు లేనివాళ్లకి, అదీ సర్జన్ సరే అంటేనే.

——

నరసన్నపేట_పెద్దోడు
సోమవారం, సాయంత్రం 4:05

గమ్ సంగతి సిస్టర్‌ని అడిగితే ఇవ్వచ్చన్నారు. తెచ్చాను. నాన్నకి పైన కట్టుడు పళ్లు. రెండు సార్లు నమిలేసరికి సెట్టు మొత్తం ఊడి గమ్‌తో పాటు చేతిలోకి వచ్చింది. పక్క బెడ్ ఆయన నవ్వి నవ్వి కుట్లు పట్టుకున్నారు. ఆ ప్రయోగం అంతటితో ముగిసింది.

——

చీపురుపల్లి_టీచర్
సోమవారం, సాయంత్రం 5:20

నాకు గాల్‌బ్లాడర్ తీసినప్పుడు కూడా గ్యాస్ ప్రాబ్లమ్ వచ్చిందండీ. కుడి భుజం రెండు రోజులు లాగేసింది. అది కూడా ఇదేనా?

——

సిస్టరమ్మ_విజయనగరం
సోమవారం, సాయంత్రం 5:45

కాదు టీచరమ్మా. నీది రంధ్రాల ఆపరేషన్. పొట్ట ఉబ్బించడానికి కార్బన్ డయాక్సైడ్ ఎక్కిస్తారు. కొంత మిగిలిపోయి పొట్టకీ ఛాతీకీ మధ్య ఉన్న పొరని కెలికితే నొప్పి భుజంలో తెలుస్తుంది. ఒకటి రెండు రోజుల్లో ఒంట్లో కలిసిపోతుంది. ఆ గ్యాస్ పేగులో ఉండేది కాదు. ఈ రెండిటినీ కలిపి జనం గందరగోళపడుతుంటారు.

——

నరసన్నపేట_పెద్దోడు
సోమవారం, రాత్రి 11:50

ఇప్పుడే పెద్ద వాంతి. పచ్చటి పసరు, దగ్గరదగ్గర అర బకెట్టు. దుప్పటి, నా చొక్కా అన్నీ తడిసిపోయాయి. డ్యూటీ డాక్టర్ వచ్చి ముక్కులోంచి గొట్టం వేశారు. వేయగానే సంచిలోకి ఇంకో లీటరు పైనే వచ్చింది. పొట్ట కాస్త వదులైంది. నాన్న నిద్రపోయారు. నాకే నిద్ర రావట్లేదు. ఆపరేషన్ ఫెయిలయిందా?

——

సిస్టరమ్మ_విజయనగరం
మంగళవారం, తెల్లవారుజాము 5:10

ఇప్పుడే చూశాను. ఫెయిలవ్వలేదు నాన్నా. పేగు ముందుకి తోయనప్పుడు కడుపులో ఊరే రసం, పైత్యం అన్నీ పేరుకుంటాయి. ఎటో ఒకవైపు రావాలి కదా. మళ్లీ వాంతి అయి అది ఊపిరితిత్తుల్లోకి పోకుండా గొట్టం కాపాడుతుంది. మా రోజుల్లో పొట్ట ఆపరేషన్ అయిన ప్రతి ఒక్కరికీ గొట్టం వేసి గ్యాస్ పోయేదాకా ఉంచేవాళ్లం. అది అనవసరమని తర్వాత తేలింది. అందరికీ వేస్తే పేగు ఆలస్యంగా లేస్తుంది, ఛాతీలో కఫం పడుతుంది. ఇప్పుడు మీ నాన్నలాంటి అవసరమున్న వాళ్లకే వేస్తారు.

పసుపుపచ్చగా ఎంత వస్తోందో ప్రతి షిఫ్టులో రాస్తారు. అది రోజురోజుకీ తగ్గడమే మంచి కబురు. నిద్రలో గొట్టం పీక్కోకుండా చూడండి. నోరు ఎండితే తడి గుడ్డతో తుడవండి, నీళ్లు పోయొద్దు.

——

నరసన్నపేట_పెద్దోడు
మంగళవారం, ఉదయం 9:30

పొటాషియం 2.9 అట. ఉండాల్సింది 3.5 పైన. సెలైన్‌లో కలిపి మెల్లగా ఎక్కిస్తున్నారు. ఫెంటనిల్ పంపు తీసేసి పారాసెటమాల్ పెట్టారు. మధ్యాహ్నం స్కాన్ కూడా చేస్తామన్నారు, అతుకు దగ్గర లీకు లేదని చూసుకోవడానికి. లీకు అనే మాట వినగానే అమ్మ కూలబడిపోయింది.

——

ఉద్దానం_కొబ్బరి
మంగళవారం, ఉదయం 10:05

అన్నయ్యా, పొటాషియం తగ్గితే కొబ్బరినీళ్లు పట్టించండి. మాది కవిటి. ఒక్క ఫోన్ కొడితే రేపటికి విశాఖ బస్సులో రెండు గెలలు వేసేస్తాను. మందుల కంటే మేలు.

——

సిస్టరమ్మ_విజయనగరం
మంగళవారం, ఉదయం 10:20

నీ మనసు మంచిది బాబూ. కానీ ముక్కు గొట్టం ఉన్నవాడికి నోటి ద్వారా ఏదీ ఇవ్వరాదు. తాగినవన్నీ ఆ సంచిలోకే వస్తాయి. ఇంకో మాట, నువ్వు కవిటి వాడివి కాబట్టి మరీ చెప్పాలి. కిడ్నీ బాగోని వాళ్లకి కొబ్బరినీళ్ల పొటాషియం ఒంట్లోంచి పోదు, గుండె మీద పడుతుంది. మీ ఉద్దానంలో ఎన్ని ఇళ్లలో ఆ జబ్బు ఉందో నీకు తెలియనిది కాదు.

——

ఉద్దానం_కొబ్బరి
మంగళవారం, ఉదయం 10:40

నిజమే సిస్టరమ్మా, అది తట్టలేదు. మా అమ్మకే కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ 2.4 వచ్చింది. వచ్చే నెల శ్రీకాకుళంలో గర్భసంచి ఆపరేషన్. ఆవిడకి కూడా ఇలాగే అయితే ఏం చేయాలి? విరేచనానికి మా ఊరి మందులషాపతను ఎప్పుడూ తెల్లటి టానిక్ ఇస్తాడు, పాలలా ఉంటుంది.

——

మత్తుమందు_డాక్టర్
మంగళవారం, మధ్యాహ్నం 1:15

ఉద్దానం గారూ, ఇది చాలా ముఖ్యం. ఆ పాలలాంటి టానిక్ బహుశా మిల్క్ ఆఫ్ మెగ్నీషియా. కిడ్నీ తగ్గినవాళ్లకి మెగ్నీషియం ఒంట్లో పేరుకుని మగత, బీపీ పడిపోవడం, ఊపిరి మందగించడం దాకా వెళ్లచ్చు. ఫాస్ఫేట్ ఎనిమా కూడా వాళ్లకి ప్రమాదమే. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి ఇంజక్షన్లు కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి. క్రియాటినిన్ రిపోర్టు, వాడే మందుల చీటీలు అన్నీ ఒక కవర్లో పెట్టి ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టర్‌కి చూపించండి. మలబద్ధకం వస్తే లాక్టులోజ్ లాంటివి ఉన్నాయి, వాళ్లు చూసి రాస్తారు. సర్జన్‌కి ఎలాగూ తెలిసే ఉంటుందిలే అనుకోకండి. మీ నోటితో చెప్పండి.

——

నరసన్నపేట_పెద్దోడు
మంగళవారం, రాత్రి 8:10

స్కాన్‌లో లీకు లేదు. ఎక్కడా అడ్డం లేదు. పేగులు ఉబ్బి ఉన్నాయి, అంతే అన్నారు. హమ్మయ్య.

ఇప్పుడు కొత్త గొడవ. నాన్న నలభై ఏళ్లుగా చుట్ట తాగుతారు. పొద్దున్నే చుట్ట ముట్టించి దొడ్డివైపు వెళ్తే గానీ ఆయనకి పని అవదు. ఇప్పుడు "ఒక్క దమ్ము లాగనీరా, పోకపోతే అప్పుడడుగు" అని బతిమాలుతున్నారు. ముక్కులో గొట్టంతో చుట్టేంటి నాన్నా అంటే "నోరు ఖాళీగానే ఉంది కదా" అన్నారు.

——

సాలూరు_లారీ
మంగళవారం, రాత్రి 8:25

ఆయన చెప్పింది అబద్ధం కాదు తమ్ముడూ. నాకు ఖైనీ లేకపోతే మూడు రోజులు కదలదు.

——

మత్తుమందు_డాక్టర్
మంగళవారం, రాత్రి 9:30

నికోటిన్ పేగుని కదుపుతుంది, అలవాటు పడిన పేగు దానికోసం ఎదురుచూస్తుంది కూడా. ఆయన మాటలో అంతవరకు నిజముంది. కానీ పొగ రక్తనాళాల్ని ముడిచేస్తుంది. పేగు అతుకు మానాలంటే రక్తం కావాలి. పొగతాగే వాళ్లలో అతుకు లీకయ్యే అవకాశం ఎక్కువ. మానడానికి ఆపరేషనే కలిసొచ్చింది అనుకోండి. గొట్టం తీశాక కాఫీ ఇవ్వచ్చా అని సర్జన్‌ని అడగండి.

——

చీపురుపల్లి_టీచర్
మంగళవారం, రాత్రి 9:50

మరి నడిపిస్తున్నారా? మా ఇంట్లో అందరూ "నడిస్తే గ్యాస్ పోతుంది" అని నన్ను కారిడార్‌లో పరేడ్ చేయించారు.

——

మత్తుమందు_డాక్టర్
మంగళవారం, రాత్రి 10:15

నా వృత్తివాళ్లు కొందరు ఒప్పుకోరు గానీ ఉన్నమాట చెప్తాను. నడకే పేగుని త్వరగా లేపుతుందని కొలిచి చూపించిన గట్టి రుజువు లేదు. అయినా నడిపించాల్సిందే. పడుకుని ఉంటే ఊపిరితిత్తుల అడుగున కఫం చేరుతుంది, కాళ్లలో రక్తం గడ్డకడుతుంది, కండ కరిగిపోతుంది. డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ 1990ల్లో చెప్పింది ఇదే. ఒక్క మందుతో పని జరగదు. నొప్పి మందు మార్చు, సెలైన్ తగ్గించు, గొట్టాలు త్వరగా తీసెయ్, తిండి త్వరగా పెట్టు, లేపి నడిపించు. అన్నీ కలిపితేనే మనిషి త్వరగా ఇంటికి వెళ్తాడు. ప్రపంచమంతా ఇప్పుడు ఆ దారే పట్టింది.

——

సిస్టరమ్మ_విజయనగరం
బుధవారం, ఉదయం 6:00

నడిపించేటప్పుడు ఒక చిట్కా బాబూ. మంచం మీద వెల్లకిలా ఉన్నవాణ్ణి చేతులు పట్టి లాగి లేపకండి, కుట్ల మీద బరువు పడుతుంది. ముందు పక్కకి తిప్పండి. మోకాళ్లు ముడిచి, కాళ్లు కిందకి జార్చి, మోచేతి మీద ఆనుకుని లేవనివ్వండి. పొట్టకి చిన్న దిండు అదిమి పట్టుకోమనండి. దగ్గేటప్పుడు కూడా అదే దిండు. మూడు బంతుల పరికరం ఇచ్చుంటారు. అది బల్ల మీద అలంకారానికి కాదు, మెలకువగా ఉన్నప్పుడు గంటకి పదిసార్లు పీల్చాలి.

——

నరసన్నపేట_పెద్దోడు
బుధవారం, మధ్యాహ్నం 12:40

పోయింది!!!

అసలు కథ వినండి. పొద్దున రౌండ్స్‌లో డాక్టరు గారు మామూలుగానే అడిగారు, నాన్న మామూలుగానే తల అడ్డంగా ఊపారు. ఆయన వెళ్లగానే పక్క బెడ్ ఆయన నన్ను బయటికి పిలిచి "మీ నాన్నకి రాత్రి రెండు గంటలకే పోయిందయ్యా, నేను విన్నాను" అన్నారు. నేనెళ్లి అడిగితే నాన్న ముఖం దించుకుని "కోడలు పక్కనే ఉందిరా, దాని ముందు ఏటని చెప్తాను?" అన్నారు.

ఐదు రోజులుగా వార్డంతా ఎదురుచూస్తున్న కబురుని ఈయన సిగ్గుతో దాచేశారు. నా భార్య ఆ మాట విని కారిడార్‌లోకి వెళ్లి నవ్వి నవ్వి ఏడ్చింది. సిస్టర్‌కి చెప్తే పరిగెత్తుకెళ్లి డాక్టరు గారికి చెప్పింది. సంచిలోకి వచ్చేది రాత్రి నుంచి 150 ఎంఎల్ మాత్రమే. పొటాషియం 3.8. గొట్టం తీసేశారు. సాయంత్రం చెంచాతో నీళ్లు, రేపు పల్చటి గంజి.

——

సాలూరు_లారీ
బుధవారం, మధ్యాహ్నం 12:45

ఇంజన్ స్టార్ట్! 🎉

——

సిస్టరమ్మ_విజయనగరం
బుధవారం, మధ్యాహ్నం 1:30

మన ముసలాళ్లు ఇంతే. నేను అందుకే కోడళ్లని, కూతుళ్లని రెండు నిమిషాలు బయటికి పంపి అడిగేదాన్ని. ఆడవాళ్లయితే కొడుకుల్ని పంపేదాన్ని. ఆ ఒక్క మాట దాచినందువల్ల ఒక పూట ఎక్కువ గొట్టం, ఒక రోజు ఎక్కువ సెలైన్. ఇది చదివేవాళ్లు గుర్తుపెట్టుకోండి, పేషెంట్‌ని ఏకాంతంగా అడగండి. "గ్యాస్" అంటే కొందరు తేన్పు అనుకుంటారు కూడా. "కింద నుంచి గాలి పోయిందా" అని విప్పి అడగాలి.

——

నరసన్నపేట_పెద్దోడు
శుక్రవారం, ఉదయం 8:15

ఇప్పుడు ఉల్టా అయింది. నిన్నటి నుంచి ఆరు సార్లు నీళ్ల విరేచనాలు. మొన్నటిదాకా పోలేదని ఏడ్చాం, ఇప్పుడు ఆగట్లేదని ఏడుస్తున్నాం. జ్వరం లేదు, పొట్ట మెత్తగానే ఉంది. గంజి తాగుతున్నారు.

——

మత్తుమందు_డాక్టర్
శుక్రవారం, ఉదయం 11:00

కుడిపక్క పెద్దపేగు తీసినవాళ్లలో ఇది తరచు చూస్తాం. చిన్నపేగు చివర పైత్యరసపు లవణాల్ని వెనక్కి పీల్చుకుంటుంది. ఆ చివరి భాగం కొంత, చిన్నపేగుకీ పెద్దపేగుకీ మధ్య ఉన్న తలుపూ ఆపరేషన్‌లో పోతాయి. పెద్దపేగులోకి చేరిన పైత్యం నీళ్లని లాగుతుంది. కొన్ని వారాల్లో చాలామందికి సర్దుకుంటుంది. యాంటీబయాటిక్స్ వాడారు కాబట్టి విరేచనాలు పెరిగినా, జ్వరం వచ్చినా, రక్తం పడినా మలం పరీక్ష చేస్తారు. ఈలోగా దుకాణంలో దొరికే విరేచనాలు ఆపే మాత్ర సొంతంగా వేయకండి. ఎన్నిసార్లు, ఎంత అనేది రాసి చూపించండి.

——

నరసన్నపేట_పెద్దోడు
తర్వాతి మంగళవారం, రాత్రి 7:30

ఇంటికొచ్చేశాం. విరేచనాలు రోజుకి మూడుకి తగ్గాయి. ఇప్పుడు పథ్యం పంచాయితీ. మా పెద్దమ్మ పప్పు పెడితే చీము పడుతుందని, గుడ్డు పెడితే కుట్లు దురద పెడతాయని, చారన్నం తప్ప ఇంకేమీ ముట్టనివ్వట్లేదు. నాన్న నాలుగు కిలోలు తగ్గారు. డిశ్చార్జి చీటీలో మాత్రం "ప్రోటీన్ ఎక్కువ" అని ఉంది.

——

రాజాం_జూట్
తర్వాతి మంగళవారం, రాత్రి 8:00

నన్ను ఆముదం విషయంలో తిట్టారు గానీ, పప్పు విషయంలో పెద్దమ్మ గారి మాటే నిజం. మా ఊళ్లో అందరూ పాటిస్తారు.

——

సిస్టరమ్మ_విజయనగరం
తర్వాతి మంగళవారం, రాత్రి 8:40

చీము పట్టేది క్రిముల వల్ల, పప్పు వల్ల కాదు. పుండు మానడానికి కావలసిన ఇటుకలే మాంసకృత్తులు. పప్పు, గుడ్డు, చేప మానిపించి చారన్నంతో నెల రోజులు ఉంచితే గాయం దేనితో పూడుతుంది? పెద్దమ్మ గారితో గొడవపడకు. ముందు పెసరకట్టు పల్చగా పోయించు, తర్వాత ఉడకబెట్టిన గుడ్డు తెల్లసొన. రెండు రోజులు ఏమీ కాకపోతే ఆవిడే ఒప్పుకుంటుంది. చోడంబలి మజ్జిగతో కొద్దికొద్దిగా ఇవ్వొచ్చు. ఒకేసారి కంచం నిండా కాదు, రోజుకి ఆరుసార్లు పిడికెడు పిడికెడు. ఆకుకూరలు, పీచు ఎక్కువున్నవి, గింజలు ఎప్పుడు మొదలుపెట్టాలో సర్జన్ చెప్తారు. ఇసబ్‌గోల్ కూడా అంతే. నీళ్లు సరిగా తాగకుండా అది వేసుకుంటే లోపల ఉండకట్టి అడ్డం పడుతుంది.

బరువులు ఆరు వారాలు ఎత్తనివ్వకు. నీళ్ల బిందె కూడా బరువే.

——

చీపురుపల్లి_టీచర్
తర్వాతి మంగళవారం, రాత్రి 9:15

నాది ఒక అనుభవం చెప్పాలి. నాలుగేళ్ల కిందట మా మరిదికి ఎడమపక్క పేగు ఆపరేషన్ అయి ఇంటికొచ్చాడు. మూడు రోజులు మోషన్ కాలేదు. ఊళ్లో వైద్యం చేసే ఒకాయన ఇంటికొచ్చి సబ్బునీళ్ల ఎనిమా ఇచ్చాడు. అరగంటలో పొట్ట పట్టుకుని గిలగిల్లాడిపోయాడు. రాత్రికి 108లో మళ్లీ విశాఖ. రెండో ఆపరేషన్, ఆపైన ఆరు నెలలు పొట్టకి సంచి. అతుకు ముందే బలహీనంగా ఉందో, ఎనిమా వల్లే విడిపోయిందో చెప్పలేమన్నారు. మా అత్తయ్య మాత్రం ఈ రోజుకీ ఆ ఎనిమా డబ్బాని తిడుతూనే ఉంది.

——

మోడరేటర్
తర్వాతి మంగళవారం, రాత్రి 9:40

పేగు ఆపరేషన్ అయినవాళ్లకి సర్జన్‌ని అడగకుండా ఎనిమా, ఆముదం, భేదిమందు సూచించే పోస్టులు ఇకపై తొలగిస్తాం. రాజాం_జూట్ గారి మొదటి పోస్టు మాత్రం ఉంచుతున్నాం, కింద సిస్టరమ్మ గారి జవాబు ఉంది కాబట్టి.

——

సిస్టరమ్మ_విజయనగరం
బుధవారం, ఉదయం 6:20

ఇంట్లో ఏం కనబడితే వెంటనే బయల్దేరాలో కూడా చెప్పేస్తాను. పొట్ట మళ్లీ బిగుసుకోవడం, పచ్చ వాంతి, చలిజ్వరం, తగ్గుతున్న నొప్పి తిరగబెట్టి పెరగడం, కూర్చున్నా గుండె దడదడలాడటం, కుట్ల నుంచి చీమో మలం వాసనో రావడం, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పెట్టడం, ఆయాసం. ఇందులో ఏ ఒక్కటి వచ్చినా తెల్లారేదాకా చూడొద్దు. అతుకు ఇబ్బంది పెడితే చాలావరకు మొదటి వారం పదిరోజుల్లోనే బయటపడుతుంది, ఆ తర్వాత రాదని మాత్రం కాదు.

——

నరసన్నపేట_పెద్దోడు
రెండు వారాల తర్వాత, శనివారం, రాత్రి 8:50

ఈ రోజు చెకప్‌కి తీసుకెళ్లాం. కుట్లు పూర్తిగా మానాయి. మోషన్ రోజుకి రెండు సార్లు, కాస్త మెత్తగా. వెస్టర్న్ కమోడ్ మీద కూర్చుంటే ముక్కాల్సి వస్తోందని నాన్న అంటే, డాక్టరు గారు కాళ్ల కింద చిన్న పీట పెట్టుకోమన్నారు. మా అమ్మ పూజగదిలో పీట ఇవ్వనంది. సంతలో 120 రూపాయలకి వేరేది కొన్నాం.

వార్డులో నోరు విప్పని మనిషి ఈ రోజు డాక్టరు గారు "ఎలా ఉంది?" అనగానే మొదలుపెట్టారు. ఏ టైముకి అయింది, ఏ రంగు, ఎంత చిక్కన, గాలి ఎన్నిసార్లు, సౌండుతోనా సౌండు లేకుండానా. కోడలు పక్కనే ఉంది. బయట ఇరవై మంది లైన్లో ఉన్నారు. చివరికి అమ్మే చెయ్యి పట్టి లేపింది. గుమ్మం దగ్గర ఆగి "చుట్ట ఎప్పటినుంచి తాగొచ్చు డాక్టరు గారూ" అని అడిగారు. "ఎప్పటికీ వద్దు" అన్నారాయన. నాన్న కాసేపు ఆలోచించి "మరి కాఫీ?" అన్నారు. అది తాగమన్నారు.

పెద్దమ్మ నిన్న తనే పెసరపప్పు వండి తెచ్చింది. ఉంగరం మళ్లీ వేలికి పడుతోంది, ఇప్పుడు వదులుగా.

ఉద్దానం తమ్ముడూ, అమ్మగారి ఆపరేషన్ ఎప్పుడు? క్రియాటినిన్ కాగితం చూపించావా?

——

ఉద్దానం_కొబ్బరి
రెండు వారాల తర్వాత, శనివారం, రాత్రి 9:30

చూపించాను అన్నయ్యా. నొప్పికి వాడే ఇంజక్షన్ మార్చి రాశారు, కిడ్నీ డాక్టర్‌ని కూడా ఒకసారి కలవమన్నారు. ఆ తెల్ల టానిక్ సీసా పారేశాను. ఆపరేషన్ పదిహేనో తారీకు. ఆ రాత్రి నేనూ ఇక్కడే ఉంటాను, మీరందరూ మెలకువగా ఉండండి. బయాప్సీ రిపోర్టు వచ్చిందా?

——

నరసన్నపేట_పెద్దోడు
రెండు వారాల తర్వాత, శనివారం, రాత్రి 9:42

మంగళవారం ఇస్తామన్నారు. వచ్చాక వేరే థ్రెడ్ పెడతాను.